చేతులు మారిన కాంట్రాక్టు: జీన్ సిమన్స్ నటజీవితాన్ని ఎలా చదవాలి?

ఇంగ్లీషు సినిమా చరిత్ర రాసినవారు బ్రిటిష్ నటి జీన్ సిమన్స్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఒకే తీర్పు చెబుతుంటారు. ఆమె అసాధారణ ప్రతిభావంతురాలనీ, అయితే ఆ ప్రతిభకు తగినన్ని గొప్ప పాత్రలు దక్కలేదనీ, తన తరంలోని ఆడ్రీ హెప్‌బర్న్, డెబొరా కెర్‌ల స్థాయి కీర్తిని అందుకోలేకపోయిందనీ ఆ తీర్పు సారాంశం. పద్దెనిమిదేళ్ల వయసులో 'హామ్లెట్' చిత్రంలో లారెన్స్ ఒలివియర్ సరసన ఒఫీలియాగా నటించి, వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతినీ, ఆస్కార్ నామినేషన్‌నూ పొందిన మనిషి గురించి ఇలా రాయవలసి రావడం నిజంగా విచారకరమే. అయితే ఈ తీర్పులో ఒక లోపం ఉంది. అది ఆమె చిత్రాల జాబితాను చూస్తుంది కానీ, ఆ జాబితా ఎవరి నిర్ణయాలతో తయారైందో చూడదు. 1945 నుంచి 1954 దాకా, అంటే ఆమె యౌవనంలోని అత్యుత్తమ దశాబ్దంలో, ఏ చిత్రంలో నటించాలో, ఏది వదులుకోవాలో నిర్ణయించే అధికారం ప్రధానంగా ఆమె కాంట్రాక్టును చేతిలో పెట్టుకున్న సంస్థలది. ఆ కాంట్రాక్టు ఎలా పనిచేసిందో, ఎందుకు చేతులు మారిందో, దాని నుంచి ఆమె ఎలా బయటపడిందో తెలిస్తే ఈ నటజీవితం వేరుగా కనిపిస్తుంది.

జీన్ సిమన్స్ 1929 జనవరి 31న లండన్‌లో జన్మించింది. తండ్రి చార్లెస్ సిమన్స్ 1912 ఒలింపిక్స్‌లో బ్రిటిష్ జిమ్నాస్టిక్స్ జట్టు సభ్యుడిగా కాంస్య పతకం సాధించినవాడు. యుద్ధకాలంలో బాంబు దాడుల నుంచి తప్పించుకోవడానికి కుటుంబం కొంతకాలం సోమర్సెట్ ప్రాంతంలోని ఒక పల్లెలో తలదాచుకుంది. లండన్‌కు తిరిగి వచ్చాక ఆమె ఐడా ఫోస్టర్ నృత్య పాఠశాలలో చేరింది. పద్నాలుగేళ్ల ఆ అమ్మాయిని దర్శకుడు వాల్ గెస్ట్ అక్కడే చూసి, అప్పటి పెద్ద తార మార్గరెట్ లాక్‌వుడ్‌కు చెల్లెలి పాత్ర ఇచ్చాడు. ఆ తరువాత చిన్నచిన్న పాత్రలు వచ్చాయి. 1945 నాటి 'సీజర్ అండ్ క్లియోపాట్రా'లో వివియన్ లీ క్లియోపాట్రాగా నటించగా, హార్ప్ వాయించే పరిచారికగా ఈమె కొద్దిసేపు తెరమీద కనిపిస్తుంది.

1946లో డేవిడ్ లీన్ తీసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో బాల్యపు ఎస్టెల్లా పాత్ర ఆమెకు మొదటి మలుపు. ఎదురుగా నిలబడ్డ పేద పిల్లవాడిని మాటతో గాయపరచి, అతని కళ్లలో ఆ గాయాన్ని వెతికే అహంకారపు పిల్లగా ఆమె చేసిన నటన ఎంత బలంగా ఉందంటే, కథ నడిమధ్య ఎస్టెల్లా పెద్దదై ఆ స్థానంలోకి వాలెరీ హాబ్సన్ వచ్చినప్పుడు ప్రేక్షకుడికి ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. నటనను అప్పటిదాకా సరదాగా తీసుకున్న ఆమె దీన్ని వృత్తిగా ఆలోచించడం ఈ చిత్రంతోనే మొదలైంది.

మరుసటి ఏడాది వచ్చిన 'బ్లాక్ నార్సిసస్' గురించి కొంచెం ఆగి చెప్పాలి. మైకేల్ పవెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీసిన ఈ చిత్రం హిమాలయాల్లోని ఒక కాన్వెంటు కథ. కానీ చిత్రబృందం హిమాలయాలకు రానేలేదు. లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్లలో, సస్సెక్స్‌లోని ఒక తోటలో చిత్రీకరణ పూర్తిచేసి, మంచుకొండలను అద్దాల మీద బొమ్మలుగా గీసి చూపించారు. ఛాయాగ్రహణానికీ, కళా దర్శకత్వానికీ ఆస్కార్‌లు వచ్చాయంటే ఆ పనితనం ఎంతటిదో ఊహించవచ్చు. ఇందులో యువ జనరల్‌గా మైసూరు రాజ్యంలో పుట్టిన సాబూ నటించాడు. అతన్ని ఆకర్షించే కాంచి అనే కొండ యువతిగా జీన్ సిమన్స్ నటించింది. ఒంటికి గోధుమరంగు పూసి, ముక్కుకు ఆభరణం పెట్టి, ఒక్క మాట కూడా లేని పాత్రను ఆమెకు అప్పగించారు. ఇంగ్లీషు పిల్లకు రంగు పూసి మన దేశపు స్త్రీగా చూపించే ఆ పద్ధతి ఈనాడు మనకు నచ్చదు, నచ్చవలసిన అవసరమూ లేదు. అది పద్ధతిలోని తప్పని ఒప్పుకుంటూనే, మాట లేకుండా కంటిచూపుతోనూ నడకతోనూ కోరికనూ కొంటెతనాన్నీ పలికించగల నటి అప్పటికే తయారైందని కూడా ఒప్పుకోక తప్పదు. ఈ పాత్రను ఎంచుకున్నది ఎవరు, ఒప్పుకోకపోతే ఏమయ్యేది అన్న ప్రశ్నలు మనల్ని నేరుగా కాంట్రాక్టు దగ్గరికి తీసుకువెళతాయి.

ఆ రోజుల్లో బ్రిటిష్ సినిమాను శాసించినవాడు జె. ఆర్థర్ ర్యాంక్. పిండి మిల్లుల కుటుంబం నుంచి వచ్చిన ఈయన, క్రైస్తవ ధర్మప్రచారానికి ఉపయోగపడతాయన్న ఆశతో సినిమాల్లోకి అడుగుపెట్టి, 1940ల నడుమకు స్టూడియోలు, పంపిణీ సంస్థలు, ఆరువందలకు పైగా ప్రదర్శనశాలలు గుప్పిట్లో ఉన్న మహా వ్యాపారిగా ఎదిగాడు. చిత్రం తీసేదీ, పంపిణీ చేసేదీ, ఆడించేదీ ఒకే సంస్థ అయినప్పుడు, తెరమీద కనిపించే ముఖాలు కూడా ఆ సంస్థవే కావాలని కోరుకోవడం సహజం. అందుకే హాలీవుడ్ పద్ధతిలో నటీనటులను ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద ఉంచుకునేవారు. వారానికో నెలకో స్థిరమైన జీతం అందుతుంది, ప్రచారమంతా సంస్థే చూసుకుంటుంది. దానికి బదులుగా నటి కాల్షీట్లన్నీ సంస్థవి, పాత్రల ఎంపిక సంస్థది. పొడిగించుకోవాలా వద్దా అని నిర్ణీత గడువుల్లో తేల్చుకునే హక్కు సాధారణంగా సంస్థకే ఉండేది, నటికి ఉండేది కాదు. బయటి నిర్మాత ఆ నటిని కోరితే, సంస్థ ఆమెను ఎక్కువ మొత్తానికి ఇచ్చి, ఆమెకు మామూలు జీతమే చెల్లించి, మిగిలినది తానే ఉంచుకోవచ్చు. పొలాన్ని కౌలుకు తీసుకున్నవాడు దాన్ని మరొకరికి ఎక్కువ ధరకు కౌలుకిచ్చినట్టుగా ఈ వ్యాపారం నడిచేది. ఇక్కడ పొలం ఒక మనిషి శ్రమ, యౌవనం.

ఈ కట్టుబాటును ధిక్కరిస్తే ఏమవుతుందో 1936లో లండన్ కోర్టులోనే తేలింది. వార్నర్ బ్రదర్స్ ఇస్తున్న పాత్రలతో విసిగిపోయిన అమెరికన్ నటి బెటీ డేవిస్ ఇంగ్లండులో మరో నిర్మాత వద్ద పనిచేయడానికి రాగా, స్టూడియో ఆమె మీద దావా వేసింది. నటించి తీరాలని ఏ కోర్టూ ఎవరినీ బలవంతపెట్టదు. కానీ కాంట్రాక్టు గడువులో మరొకరి దగ్గర నటించకుండా నిషేధించగలదు. ఆ నిషేధమే ఆమెకు ఎదురై, చివరికి తిరిగి వార్నర్ స్టూడియోకే వెళ్లవలసి వచ్చింది. అమెరికాలో ఎదురుగాలి కొన్నేళ్ల తరువాత వీచింది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఉద్యోగ కాంట్రాక్టును ఏడేళ్లకు మించి అమలు చేయించకూడదు. కానీ పాత్ర నిరాకరించిన నటులను స్టూడియోలు సస్పెండ్ చేసి, ఆ కాలాన్ని గడువు చివర కలిపేవి. ఒలీవియా డి హావిలాండ్ దీని మీద కోర్టుకెక్కి, ఏడేళ్లంటే క్యాలెండరు లెక్కలో ఏడేళ్లేనని 1944లో తీర్పు తెచ్చుకుంది. స్టూడియోల పట్టు సడలడం అక్కడ మొదలైంది. అయితే బ్రిటన్‌లో ర్యాంక్ దగ్గర ఉన్న ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఆ తీర్పు చేసిన మేలు ఏమీ లేదు.

దీనికి అతి స్పష్టమైన ఉదాహరణ 'హామ్లెట్' తరువాత జరిగింది. షేక్‌స్పియర్ నాటకానుభవం దాదాపు లేకుండానే ఆమె ఒఫీలియాగా నటించింది. మతి చలించిన ఆ అమ్మాయిని పెద్ద కేకలతో, విపరీత చేష్టలతో కాకుండా, చుట్టూ ఉన్నవారు ఎందుకు బాధపడుతున్నారో అర్థంకాని పసితనంతో చూపించడం ఆమె నటనలోని విశేషం. ఒలివియర్ దాన్ని గుర్తించాడు. బ్రిస్టల్ ఓల్డ్ విక్ రంగస్థల సంస్థలో చేరి, ఏ పాత్ర ఇస్తే ఆ పాత్ర వేస్తూ కొంతకాలం సాధన చేయమని సలహా ఇచ్చాడు. ర్యాంక్ సంస్థ ఒప్పుకోలేదు. గిరాకీ పెరుగుతున్న తారను తక్కువ జీతానికి ఊరి నాటకశాలలో ఉంచడం వ్యాపారపరంగా నష్టమన్నది ఆ సంస్థ లెక్క. ఫలితంగా ఆమె నాటకశాలకు బదులు ఫీజీ దీవులకు వెళ్లి 'ది బ్లూ లగూన్' చేసింది. చిత్రం ఆదరణ పొందింది, కానీ ఆ రెండింటిలో ఏది ఆమె నటనను పెంచి ఉండేదో చెప్పనవసరం లేదు. ఆమె జీవితంలో చేజారిన వాటిలో అందరూ 'రోమన్ హాలిడే' చిత్రంలోని పాత్రను ముందు చెబుతారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద నష్టం ఈ నాటకశాల.

కాంట్రాక్టు చేతులు మారడానికి కారణం ఆమె నటనలో లేదు, బ్రిటిష్ సినిమా ఆర్థిక సంక్షోభంలో ఉంది. 1947 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం డాలర్లు ఆదా చేయడానికి విదేశీ చిత్రాల ఆదాయం మీద 75 శాతం పన్ను విధించింది. హాలీవుడ్ వెంటనే తన కొత్త చిత్రాలను బ్రిటన్‌కు పంపడం ఆపేసింది. ఖాళీ అయిన తెరలను నింపుదామని ర్యాంక్ పెద్దయెత్తున నిర్మాణం మొదలుపెట్టాడు. 1948 వసంతంలో ప్రభుత్వం ఒప్పందానికి వచ్చి పన్ను ఎత్తేయగానే, ఆగి ఉన్న అమెరికన్ చిత్రాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. హడావుడిగా తీసిన బ్రిటిష్ చిత్రాలు వాటి ముందు నిలవలేదు. 1949 నాటికి సంస్థ కోట్ల పౌండ్ల అప్పుల్లో మునిగి, ఖర్చులు తెగ్గోసుకునే స్థితికి చేరింది. అలాంటి సమయంలో విదేశంలో గిరాకీ ఉన్న తార కాంట్రాక్టు ఒక అమ్ముడుపోయే ఆస్తి.

1950 డిసెంబరులో జీన్ సిమన్స్ అమెరికాలో నటుడు స్టీవర్ట్ గ్రాంజర్‌ను పెళ్లాడింది. ఆయన అప్పటికే ఎంజీఎం సంస్థ తారగా హాలీవుడ్‌లో స్థిరపడుతున్నాడు. 1951 తొలినాళ్లలో ర్యాంక్ సంస్థ ఆమె కాంట్రాక్టును హోవర్డ్ హ్యూస్‌కు అమ్మింది. తండ్రి నుంచి చమురు బావుల పనిముట్ల వ్యాపారం పొంది, విమాన పరిశ్రమలోనూ పేరుపడ్డ హ్యూస్ 1948లో ఆర్కేఓ స్టూడియోను కొని, దాన్ని సొంత ఇష్టాయిష్టాల ప్రకారం నడుపుతున్నాడు. చిత్రాలను నెలల తరబడి మార్పించడం, విడుదలలు ఆపడం, నటీమణుల వ్యక్తిగత జీవితాల్లో జోక్యం చేసుకోవడం అక్కడ పరిపాటి. జీన్ సిమన్స్ పట్ల కూడా అతని ఆసక్తి వృత్తికి పరిమితం కాలేదు. ఆమె, గ్రాంజర్ అతన్ని దూరంగా ఉంచారు. కాంట్రాక్టు అతని చేతిలో ఉండటంతో పర్యవసానం ఆమె పని మీద పడింది.

'రోమన్ హాలిడే' కథ ఇక్కడిదే. దర్శకుడు విలియం వైలర్ రాకుమారి పాత్రకు జీన్ సిమన్స్‌ను కోరాడు. పారమౌంట్ సంస్థకు ఆమెను ఇవ్వడానికి హ్యూస్ అంగీకరించలేదు. ఆ పాత్ర ఆడ్రీ హెప్‌బర్న్‌కు దక్కి, ఆస్కార్ తెచ్చిపెట్టి, ఆమెను ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. హెప్‌బర్న్ ఆ పాత్రలో ఎంత అద్భుతంగా ఇమిడిందంటే మరొకరిని ఊహించడం కష్టం. కనుక సినిమాకు నష్టం జరిగిందని అనలేము. కానీ 'ఆమెకు మంచి పాత్రలు రాలేదు' అన్న మాటను మాత్రం సవరించుకోవాలి. పాత్ర వచ్చింది, యజమాని పోనివ్వలేదు.

కాంట్రాక్టు మీద తగాదా ముదిరి 1952లో కోర్టుకు చేరింది. ర్యాంక్ నుంచి కొన్న గడువు తరువాత కూడా ఆమె ఆర్కేఓకు కట్టుబడి ఉందా లేదా అన్నది వివాదంలోని కీలకాంశం. ఆ తగాదా నడుమనే ఒట్టో ప్రెమింజర్ దర్శకత్వంలో 'ఏంజెల్ ఫేస్' తయారైంది. కాంట్రాక్టులో మిగిలిన కొద్ది రోజుల్లోనే ఆమె చేత ఇంకో చిత్రం చేయించుకోవాలని హ్యూస్ తొందరపెట్టడంతో, చిత్రీకరణ కొద్ది వారాల్లో ముగిసింది. హ్యూస్ మీది కోపంతో ఆమె తన జుట్టును కత్తెరతో కత్తిరించుకుందనీ, అందుకే ఈ చిత్రంలో విగ్గుతో కనిపిస్తుందనీ సినిమా చరిత్రల్లో ప్రసిద్ధంగా చెబుతారు. చెంపదెబ్బ దృశ్యాన్ని ప్రెమింజర్ మళ్లీ మళ్లీ తీయిస్తుంటే, సహనటుడు రాబర్ట్ మిచమ్ సహనం కోల్పోయి దర్శకుడి మీదికే తిరగబడ్డాడన్న కథ కూడా అంతే ప్రసిద్ధం. ఇంత కటువైన వాతావరణంలో పుట్టిన ఈ చిత్రం ఆమె జీవితంలోని అత్యుత్తమ నటనల్లో ఒకటి కావడం ఆశ్చర్యం. సవతి తల్లిని చంపాలనుకునే యువతిగా ఆమె ఎక్కడా రాక్షసిలా కనిపించదు. పియానో ముందు కూర్చుని, ఏ భావమూ లేని ముఖంతో వాయిస్తూ ఉంటే, ఆ ప్రశాంతతే భయపెడుతుంది. విడుదలైనప్పుడు పెద్దగా పట్టించుకోని ఈ చిత్రాన్ని, తరువాత ఫ్రెంచి విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. అమెరికాలో తీసిన ఉత్తమ టాకీల్లో ఒకటిగా జాన్-లూక్ గొడార్ దీన్ని ఎంపిక చేశాడు.

వివాదం తీర్పు దాకా వెళ్లకుండా రాజీతో ముగిసింది. ఆర్కేఓ లెక్కలోనే మరికొన్ని చిత్రాలు చేయాలి, అయితే వాటిని ఇతర స్టూడియోలకు ఇచ్చిన పద్ధతిలో చేయవచ్చు. ట్వెంటియెత్ సెంచురీ ఫాక్స్‌కు ఆమె ఒక చిత్రం చేస్తే, బదులుగా ఫాక్స్ నటుడు విక్టర్ మెచ్యూర్ ఆర్కేఓకు ఒక చిత్రం చేయాలన్న మార్పిడి కూడా అందులో ఉంది. విముక్తి పత్రంలో సైతం ఒక మనిషికి మరో మనిషిని బదులు పెట్టారంటే ఆ వ్యవస్థ ఎలా ఆలోచించేదో తెలుస్తుంది. అయినా ఆ రాజీ ఆమెకు మేలే చేసింది. ఇతర స్టూడియోల్లో చేసిన మూడు చిత్రాలు 1953లో విడుదలయ్యాయి: ఒకటవ ఎలిజబెత్ రాణి యౌవనాన్ని చూపిన 'యంగ్ బెస్', జార్జ్ క్యూకర్ దర్శకత్వంలో స్పెన్సర్ ట్రేసీ కూతురిగా చేసిన 'ది యాక్ట్రెస్', సినిమాస్కోప్‌లో విడుదలైన మొదటి చిత్రం 'ది రోబ్'. ఈ మూడింటికీ కలిపి అమెరికా నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ ఆమెను ఆ ఏడాది ఉత్తమ నటిగా ఎంపిక చేసింది. హెప్‌బర్న్‌కు ఆస్కార్ తెచ్చిన చిత్రం విడుదలైనదీ ఆ ఏడాదే.

ఇక 1954 తరువాతి కాలాన్ని వేరుగా తూచాలి, ఎందుకంటే ఇప్పుడు నిర్ణయాల్లో ఆమె మాట ఎక్కువగా చెల్లింది. 'గైస్ అండ్ డాల్స్'లో మార్లన్ బ్రాండో సరసన సొంత గొంతుతో పాడి గోల్డెన్ గ్లోబ్ గెలుచుకుంది. 1958లో వైలర్ ఎట్టకేలకు 'ది బిగ్ కంట్రీ'లో ఆమెను దర్శకత్వం చేశాడు. అదే ఏడాది మర్విన్ లెరాయ్ తీసిన 'హోమ్ బిఫోర్ డార్క్'లో, మానసిక చికిత్సాలయం నుంచి ఇంటికి తిరిగివచ్చి, అనుమానంగా చూసే కుటుంబం మధ్య తన మతి మీద తానే నమ్మకం నిలుపుకోవడానికి పెనుగులాడే భార్యగా నటించింది. ఒఫీలియాగా చూపిన నైపుణ్యమే ఇక్కడ పరిపక్వత పొందింది.

1960లో రెండు పెద్ద చిత్రాలు వచ్చాయి. 'స్పార్టకస్'లో వరీనియా పాత్రకు మొదట తీసుకున్న జర్మన్ నటిని తప్పించి, చిత్రీకరణ మొదలైన తరువాత ఈమెను తెచ్చారు. రిచర్డ్ బ్రూక్స్ దర్శకత్వం వహించిన 'ఎల్మర్ గ్యాంట్రీ'లో మతప్రచారకురాలు సిస్టర్ షారన్‌గా చేసిన నటన ఆమె పనిలో శిఖరం అంటాను. భక్తి ఎక్కడ ముగుస్తుందో, జనాన్ని ఆకట్టుకోవాలన్న తపన ఎక్కడ మొదలవుతుందో ఆ స్త్రీకే తెలియదు. ఆ తెలియకపోవడాన్ని ఆమె చివరిదాకా చెదరకుండా నిలిపింది. ఆ చిత్రం బర్ట్ లాంకాస్టర్‌కు, సహాయ నటి షర్లీ జోన్స్‌కు, రచనకు బ్రూక్స్‌కు ఆస్కార్‌లు తెచ్చింది. జీన్ సిమన్స్‌కు నామినేషన్ కూడా రాలేదు. దీనికి కాంట్రాక్టులను నిందించలేము. చుట్టూ ఉన్నవారు బిగ్గరగా నటిస్తుంటే సంయమనంతో చేసిన నటన ఓటర్ల కంట పడకపోవడం ఆ రోజుల్లోనూ ఉన్నదే.

అదే ఏడాది ఆమె గ్రాంజర్ నుంచి విడిపోయి బ్రూక్స్‌ను పెళ్లాడింది. ఇద్దరు కూతుళ్ల పెంపకం, వయసు ముప్పై అయిదు దాటిన నటీమణులకు పాత్రలు కరువయ్యే హాలీవుడ్ అలవాటు కలిసి అరవైలలో ఆమె పనిని తగ్గించాయి. 1969లో బ్రూక్స్ ఆమె కోసమే రాసి తీసిన 'ది హ్యాపీ ఎండింగ్' ఆమెకు ఉత్తమ నటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. దాంపత్యంలో ఊపిరాడక మద్యానికి అలవాటుపడిన గృహిణి పాత్ర అది. ఆమెకే ఆ వ్యసనం ఉండేది; 1986లో బెటీ ఫోర్డ్ కేంద్రంలో చికిత్స పొంది, ఆ విషయాన్ని బహిరంగంగా చెప్పింది. తారల వ్యసనాలను ప్రచార విభాగాలు కప్పిపుచ్చే కాలంలో పెరిగిన నటి ఇలా మాట్లాడటానికి ఎంతో ధైర్యం కావాలి.

ఇరవయ్యేళ్లు నిండకముందు అందని రంగస్థలం ఆమెకు నలభైలలో అందింది. 'ఎ లిటిల్ నైట్ మ్యూజిక్' సంగీత నాటకంలో డెజిరే పాత్రతో అమెరికా అంతటా తిరిగి, 1975లో లండన్ వేదిక మీద కూడా నటించింది. టెలివిజన్‌లో 1983 నాటి 'ది థార్న్ బర్డ్స్'కు ఎమ్మీ బహుమతి వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం 2003లో ఓబీఈ పురస్కారం ఇచ్చింది. జపాన్ దర్శకుడు మియాజాకి తీసిన యానిమేషన్ చిత్రం 'హౌల్స్ మూవింగ్ కాసిల్' ఆంగ్ల రూపంలో, శాపంతో ముసలిదైపోయిన సోఫీకి ఆమె గొంతు ఇచ్చింది కనుక, ఆమె పేరు తెలియని ఈనాటి పిల్లలు కూడా ఆమె గొంతు వినే ఉంటారు. 2010 జనవరి 22న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో, ఎనభై ఒకటో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించింది.

ఆమెను కొత్తగా చూడదలచినవారు మొదట 'ఏంజెల్ ఫేస్', ఆ తరువాత 'హోమ్ బిఫోర్ డార్క్', 'ఎల్మర్ గ్యాంట్రీ' చూడటం మంచిది. మొదటిది యజమాని తొందరపెట్టి చేయించుకున్నది, తరువాతి రెండూ ఆమె స్వేచ్ఛ పొందాక చేసినవి. ఆ తేడా తెలిసి చూసినప్పుడు, ఆమె చేయని చిత్రాల కన్నా చేసినవాటి గురించి మాట్లాడటానికే ఎక్కువ ఉందని అర్థమవుతుంది.